పేరు మారితే మనిషి మారాడా? తెలుగు నేల తొలి పేర్ల మీద ఒక సమీక్ష

హన్మకొండలో అదాలత్ దగ్గర ఆటో ఎక్కి కాజీపేట దారి పట్టిన మనిషి నక్కలగుట్ట చేరేలోగా నాలుగు భాషల పేర్ల మీదుగా పోతాడు. అదాలత్ అరబ్బీ, సుబేదారి ఫారసీ, పక్కనున్న బాలసముద్రం సంస్కృతం, నక్కలగుట్ట అచ్చ తెలుగు. కొంచెం అవతల హంటర్ రోడ్డు కూడా ఉంది. ఇవి ఎందుకు పడ్డాయో, ఎవరి కాలంలో పడ్డాయో చాలావరకు చెప్పగలం. వెనక్కి పోయేకొద్దీ ఆ ధీమా సడలుతుంది. ఓరుగల్లు అన్న పేరు ఎక్కడిది? కాకతి ఎవరు? ఆంధ్రులూ తెలుగులూ మొదటి నుంచీ ఒకరేనా? తెలుగు కంటే ముందు ఈ నేల మీద వినబడిన మాట ఏది? రెండు వందల ఏళ్లుగా పండితులు వీటి మీద తర్జనభర్జన పడుతూనే ఉన్నారు.

ఇలాంటి చిక్కే బ్రిటన్‌లోనూ ఉంది. వెల్ష్, కార్నిష్, బ్రెటన్, ఐరిష్ భాషలు ఒకే ఇంటివని ఎడ్వర్డ్ లూయిడ్ 1707లో చూపించాడు. ఇంగ్లీషు వాళ్లు ఏలిన నేల మీద చాలా నదుల పేర్లు మాత్రం ఆ పాత కెల్టిక్ భాషల్లోనే మిగిలాయి. ఏవన్ అనే నది పేరుకు వెల్ష్ భాషలో ఉన్న అర్థం కూడా నది అనే. అయితే ఆ భాషలు ఆ దీవికి ఎప్పుడు, ఎవరి వెంట చేరాయన్నది ఇప్పటికీ తెగలేదు. ఇక్కడా అక్కడా పరిశోధకులను తప్పుదారి పట్టించిన ఊహ ఒకటే: పేరు మారిన చోటల్లా మనుషులు మారారని. పేరు చాలాసార్లు చెప్పేది ఆ కాలంలో రాత ఎవరి చేతిలో ఉందన్న సంగతి. నేలను అంటిపెట్టుకున్న భాషను పట్టివ్వాలంటే విభక్తులు, చుట్టరికపు మాటలు, వాగుల పేర్లు, ఊరి పేర్ల చివరి ముక్కలు కావాలి. తెలిసిన కాలం నుంచి తెలియని కాలానికి వెనక్కి నడిస్తే ఇది తేటపడుతుంది.

సుబేదారి చెప్పే పాఠం

అక్బరు 1580లో తన సామ్రాజ్యాన్ని సుబాలుగా విడగొట్టి ఒక్కో సుబాకు అధికారిని పెట్టాడు. ఆ మాటే నిజాం రాజ్యంలో 19వ శతాబ్దపు పాలనా సంస్కరణల్లో మళ్లీ పనికి వచ్చింది. ఔరంగాబాదు, గుల్బర్గా, మెదక్, వరంగల్ అని నాలుగు సుబాలు ఏర్పడ్డాయి. వరంగల్ సుబాకు పెద్ద సుబేదారు. ఆయన కొలువున్న చోటు సుబేదారి. ఆయన బంగళా తరవాతి కాలంలో కలెక్టరు బంగళా అయింది. కాజీపేటకు ఆ పేరు వరంగల్ కాజీగా ఉండిన సూఫీ గురువు అఫ్జల్ షా బియాబానీ వల్ల వచ్చింది. అందులో కాజీ అరబ్బీ అయితే పేట మనది. హసన్‌పర్తిలోనూ అదే అతుకు కనిపిస్తుంది: ముందు సగం ముస్లిం పేరు, వెనక సగం వనపర్తిలో వినబడే పర్తి.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. రెండు వేల ఏళ్ల తరవాత ఈ ఊరి గురించి అదాలత్, సుబేదారి, లష్కర్ బజార్ అన్న మూడు పేర్లు మాత్రమే మిగిలాయి. అప్పటి పండితుడు ఇక్కడ ఫారసీ జనం వలస వచ్చి స్థిరపడ్డారని రాస్తాడు. జరిగింది వేరు. 1880ల దాకా కచేరీలో ఫారసీ, ఆ తరవాత ఉర్దూ నడిచాయి. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఊళ్లో ఉన్నా, చుట్టుపక్కల పల్లెలన్నీ తెలుగే మాట్లాడాయి. ఫారసీ ఇంట్లో మాట్లాడిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పేరు పెట్టింది కచేరీ, బతికింది పల్లె. దగ్గరి కాలంలో కళ్లెదుట జరిగిన ఈ సంగతిని దూరపు కాలానికీ వర్తింపజేయాలి.

ఓరుగల్లు, అనుమకొండ, కాకతి

ఓరుగల్లు అంటే ఒకే రాయి అన్న అర్థం మీద పెద్ద తగాదా లేదు. ఇప్పటి కోట నడుమ నిలిచిన ఒంటి గుండును చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పడిందో విడమరచి చెప్పనక్కర్లేదు. అయినా కొందరు తమిళంలోని ‘ఒరు’ను చూసి ఇది అరవం నుంచి వచ్చిన పేరన్నారు. అంత దూరం పోనక్కర్లేదు. ఇతరులు అనే అర్థంలో మన కావ్యాల నిండా ఉన్న ‘ఒరులు’లో ఆ ధాతువే ఉంది. రాయి అనే అర్థంలో ‘కల్లు’ మాటల్లోంచి జారిపోయినా గుంతకల్లు వంటి ఊళ్ల పేర్లలో నిలిచింది. కాకతీయుల ఆస్థానం ఈ పేరును ఏకశిలానగరం అని సంస్కృతంలోకి మార్చుకుంది. 1323లో ఢిల్లీ సేన కోటను పట్టుకున్నాక సుల్తాన్‌పూర్ అని మరో పేరు పెట్టారు. ఏకశిల కావ్యాల్లో, బడుల పేర్లలో బతికింది. సుల్తాన్‌పూర్ నాణేలకూ చరిత్ర పుస్తకాలకూ పరిమితమైంది. జనం నోట్లో నానింది ఓరుగల్లే, దాని మారురూపం వరంగల్లే.

శాసనాల్లో అనుమకొండ అని ఉన్న పేరు తరవాత హనుమకొండ అయింది. హనుమంతుడు పేరులోకి వెనక నుంచి వచ్చి చేరాడు. అనుమడు, కొండడు అనే ఇద్దరు స్థానిక నాయకుల కథ మరో దారి. ఈ రెండింటిలో ఏదీ శాసనం మీద నిలబడదు. ‘కొండ’ ఒక్కటే ఖాయం.

కాకతి మాట మీద వాదం ఇంకా చిక్కనిది. విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి వ్యాఖ్య రాసిన కుమారస్వామి కాకతి అంటే ఏకశిలానగర రాజులు కొలిచిన దుర్గాశక్తి అన్నాడు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం మాత్రం పూర్వీకుడైన వెన్నరాజు కాకతి అనే ఊరి నుంచి ఏలినందువల్ల వంశానికి ఆ పేరు వచ్చిందంటుంది. వంశం వాళ్లే వేయించిన రాయి కాబట్టి దానికి బరువెక్కువ. ఊరికీ దేవతకీ ఒకే పేరుండడం మన దగ్గర కొత్త కాదు కనుక రెండూ కలిసే ఉండవచ్చు. కాకతి ఏ భాష మాట అన్నదానికి మాత్రం నమ్మదగిన జవాబు రాలేదు.

ఇంతకంటే విలువైన సాక్ష్యం ఆ వంశపు మనుషుల పేర్లలో ఉంది. మొదటి తరాల వాళ్లు వెన్న, గుండ, ఎఱ్ఱ, బేత, ప్రోల. ప్రోలు అంటే పాత తెలుగులో పట్టణం. భట్టిప్రోలులో అది చెక్కుచెదరలేదు, ఐనవోలు, నిడదవోలుల్లో ‘వోలు’ అయింది. రెండో ప్రోలరాజు కొడుకుల నుంచి పేర్లు తిరిగిపోయాయి: రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు, ప్రతాపరుద్రుడు. వంశవృక్షం చేతిలో లేకపోతే, ప్రోలుడు పోయి రుద్రుడు రావడాన్ని ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త జాతిగా లెక్కగట్టేవాళ్లు. నిజానికి ప్రోలుడి కొడుకే రుద్రుడు. సామంతుడి ఇల్లు స్వతంత్ర రాజ్యమయ్యే వేళ పేర్లు సంస్కృతం వైపు తిరిగాయి.

రాతి మీది భాష, నోటిలోని భాష

హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం ఉంది. రెండో ప్రోలరాజు కాలంలో ఆయన మంత్రి బేతన భార్య మైలమ జైన బసదికి ఇచ్చిన దానం అందులో నమోదైంది. దాని భాష కన్నడం. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్నంత కాలం కాకతీయులు ఎక్కువగా ప్రభువుల భాషలోనే రాయించారు. 1163లో వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు వేయించిన శాసనం స్వాతంత్ర్య ప్రకటన లాంటిది. అచింతేంద్రుడు దాన్ని సంస్కృతంలో రచించాడు. ఆ తరవాతి కాలంలో కాకతీయ రాజ్యమంతటా తెలుగు శాసనాలు పోటెత్తాయి. సింథియా టాల్బట్ 2001లో అచ్చైన తన పుస్తకంలో ఈ మార్పును విశదంగా చర్చించింది.

ఊరి జనం భాష 1117లో కన్నడమై 1163లో తెలుగు కాలేదు. ఇదే ప్రాంతంలోని కొరవి తెలుగు శాసనం పద్మాక్షి శాసనం కంటే నూరేళ్లకు పైగా పాతది. కరీంనగర్ దగ్గర కుర్క్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. మూడు తెలుగు కందాలు అక్కడ రాతికెక్కాయి. ఒకే గుట్ట మీద ఒకే మనిషి మూడు భాషలు వాడిన కాలమది. రాతి మీద లేని భాష నేల మీద లేదనుకోవడానికి వీల్లేదు.

ఆంధ్ర, తెలుగు, త్రిలింగ

ఆంధ్ర అన్నది మొదట జనం పేరు. ఐతరేయ బ్రాహ్మణంలో పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబుల సరసన ఆంధ్రులు ఆర్యావర్తపు అంచుల్లో కనిపిస్తారు. అశోకుడి 13వ శిలాశాసనంలోనూ వాళ్ల పేరుంది. రోమను రచయిత ప్లినీ 30 ప్రాకార నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్న జాతిగా వీళ్లను వర్ణించాడు. అయితే ఈ ఆధారాల్లో ఎక్కడా ఆ జనం ఏ భాష మాట్లాడారో లేదు. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులన్నాయి. శాతవాహనులు మాత్రం తమ శాసనాల్లో ఆ మాట ఎక్కడా వాడుకోలేదు. వాళ్ల తొలి శాసనాలు మహారాష్ట్ర కనుమల్లో ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్లని ఒక వాదం, బళ్లారి వైపు సాతవాహని అనే సీమ ఉన్నందున అక్కడివాళ్లని సుక్తంకర్ వాదం. గోదావరి ఒడ్డున కోటిలింగాల్లో సిముకుడి నాణేలు, అతని కంటే ముందువాళ్లైన గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోపల నాణేలు బయటపడ్డాక తెలంగాణ వాదానికి బలం పెరిగింది.

శాతకర్ణి అన్న పేరును ఫ్రెంచి పండితుడు జీన్ పశిలుస్కీ ముండా భాషల్లో గుర్రానికున్న ‘సదం’తో ముడిపెట్టాడు. మాటకు మాట దగ్గరగా వినబడితే చాలుననుకునే పద్ధతికి ఇది మచ్చుతునక. ఆ పేరులోని మిగతా భాగాలు, ఆ వంశపు మిగతా పేర్లు అదే లెక్కలో ఇమడాలి కదా. ఇమడలేదు. అందుకే ఆ వాదం పుస్తకాల్లో మిగిలిందే గాని నిలబడలేదు.

తెలుగు అన్నది భాష పేరుగా తరవాత తేలింది. 11వ శతాబ్దంలో నన్నయ తెనుగు అన్నాడు. 14వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లు కొలువులోని విద్యానాథుడు కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం నడుమనున్న త్రిలింగ దేశాన్ని చెప్పాడు. బడి పుస్తకాలు చాలాకాలం తెలుగు పుట్టుకను ఇక్కడే చూపించాయి. భాషాశాస్త్రం దాన్ని తిరగేసింది. తెలుంగు అన్న దేశి మాట ముందున్నది, దానికి సంస్కృతపు గౌరవం తొడిగితే త్రిలింగ అయింది. దక్షిణం అనే అర్థమున్న ‘తెన్’ నుంచి తెనుగు వచ్చిందన్న ప్రతిపాదనకు తెమ్మెర వంటి మాటల ఆసరా ఉంది, కానీ అదీ ప్రతిపాదనే. విద్యానాథుడి రోజుల్లోనే ఢిల్లీ వైపు నుంచి రాసిన అమీర్ ఖుస్రో ఈ దేశాన్ని తిలంగ్ అన్నాడు. తెలంగాణ పేరు 1417 నాటి తెల్లాపూర్ శాసనంలో ఉంది. బయటివాడు పిలిచిన పేరు కాలక్రమంలో ఇంటిపేరైందన్నమాట.

ప్రాకృతం చాటున తెలుగు

క్రీస్తుపూర్వపు భట్టిప్రోలు ధాతుపేటికల నుంచి నాగార్జునకొండ ఇక్ష్వాకుల దాకా ఈ నేల మీది రాత దాదాపు అంతా ప్రాకృతమే. జనం కూడా ప్రాకృతమే మాట్లాడారన్నవాళ్లున్నారు. దానికి ఎదురు చెప్పేవి రాతలో దొర్లిన చిన్న ముక్కలు. నాగార్జునకొండ శాసనాల్లో కరుంబుధిన వంటి పేర్లు ప్రాకృతపు అచ్చులో ఇమడవు. హాలుడి పేరు మీదున్న గాథాసప్తశతిలో అత్త, పొట్ట, పిల్ల వంటి మాటలున్నాయని తిరుమల రామచంద్ర వంటి పరిశోధకులు వివరించారు. అత్త ఒక్కటీ దొరికితే కాకతాళీయం అనుకోవచ్చు. చుట్టరికమూ శరీర భాగమూ కలిసి వచ్చినప్పుడు ఇంటి భాష ఏదో వాసన తగులుతుంది.

అమరావతి రాతి మీది ‘నాగబు’ను తొలి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. చివరి ‘బు’ను తెలుగు ప్రత్యయంగా తీసుకుంటే ఆ మాట మనది. విరిగిన రాయి కనుక అది ఏదో ప్రాకృత పేరులో సగమన్న అనుమానమూ ఉంది. ఒంటరి మాట మీద భాష వయసు కట్టడం ప్రమాదం. శాతవాహనుల వెండి నాణేలు ఇంతకంటే గట్టి సాక్షులు. ఒకవైపు ప్రాకృతంలో రాజు పేరు, రెండోవైపు మరో భాషలో అదే పేరు. ఆ రెండోవైపు కొడుకును ‘మకన్’ అనడం చూసి తమిళ పండితులు అది తమిళమన్నారు, ఇంకొందరు దక్కను దేశి అన్నారు. పేరు చివర చతుర్థీ విభక్తిగా నిలిచిన ‘కు’ మాత్రం ద్రావిడమనడంలో రెండో మాట లేదు. క్రీస్తుశకం 2వ శతాబ్దపు రాజు తన జనానికి అర్థం కావాలని ప్రాకృతంతో పాటు దాన్ని అచ్చొత్తించాడు.

ఆ తరవాత తెర తొలుగుతూ వస్తుంది. విష్ణుకుండినులన్న గంభీరమైన వంశనామం వెనక వినుకొండ ఉందని శాసన పండితుడు కీల్‌హార్న్ ఊహించాడు. కీసరగుట్ట బండ మీద ‘తొలుచువాండ్రు’ అన్న మాట చెక్కి ఉంది. అది రాజు పేరు కాదు, రాళ్లు తొలిచే కూలీల మాట. బహువచనంతో సహా తెలుగు. 575 ప్రాంతంలో కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనంతో వాక్యమే తెలుగైంది. భాష ఆ ఏడు పుట్టలేదు. రాయించే అధికారం స్థానిక నాయకుడి చేతికి వచ్చింది, అంతే.

కుటుంబం తేల్చిన లెక్క

తెలుగు సంస్కృతం బిడ్డ అన్న నమ్మకాన్ని మొదట ప్రశ్నించింది మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి 1816లో రాసిన పీఠికలో, పట్టాభిరామశాస్త్రి వంటి పండితుల సాయంతో, తెలుగు, తమిళం, కన్నడం ఒక గూటివని చూపించాడు. కాల్డ్వెల్ 1856లో దాన్ని కుటుంబ వ్యాకరణంగా విస్తరించాడు. తెలుగువాళ్లంతా దీన్ని ఒప్పుకోలేదు. 1937లో చిలుకూరి నారాయణరావు ఆంధ్రభాషా చరిత్రములో తెలుగుకు ప్రాకృతమే మూలమని వాదించారు. ఆయన పోగుచేసిన సామగ్రి ఇప్పటికీ పనికొస్తుంది, సిద్ధాంతం మాత్రం నిలవలేదు. కోరాడ రామకృష్ణయ్య, గంటి జోగిసోమయాజి ద్రావిడ పక్షాన నిలిచారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద చేసిన పనితో వాదం ముగిసినంత పనైంది.

కృష్ణమూర్తి చెప్పిన వాటిలో సామాన్య పాఠకుడికి ఇంకా పూర్తిగా చేరనిది ఒకటుంది. తెలుగుకు అతి దగ్గరి చుట్టాలు తమిళ కన్నడాలు కావు, గోండి, కోయ, కొండ, కువి, కుయి. మేడారం జాతర నడిపే కోయల మాటకూ తెలుగుకూ ఉన్న చుట్టరికం మద్రాసు మాటతో ఉన్నదాని కంటే దగ్గరిది. మానేరు, మున్నేరు, ఆలేరు, పాలేరు పేర్లలోని ‘ఏరు’ను గోండీతో పోల్చి చూడండి. అక్కడ ఆ మాటకు నీళ్లని అర్థం. ఏవన్ బ్రిటన్‌లో చేసిన పనే ‘ఏరు’ ఇక్కడ చేస్తోంది. రాజులు ఊళ్ల పేర్లు మార్చారు, ఏరు పేరు జోలికి పోలేదు.

ఇంకా వెనక్కి

తెలుగు కంటే ముందేముంది? శబరులు ఆంధ్రుల పక్కనే ఐతరేయంలో ఉన్నారు. వాళ్ల వారసులుగా చెప్పే సవరల భాష ముండా శాఖది. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చి 1931లో వ్యాకరణం అచ్చువేశారు. ముండా భాషలు ఒకప్పుడు ఇంకా దక్షిణానికి పరచుకుని ఉండేవా అన్నది ఉత్తరాంధ్ర దాటితే ఊహే.

ఇంకో దారి తవ్వకాలది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వి, పశువుల మందలు కట్టిన నవీన శిలాయుగపు జనాన్ని పరిచయం చేశాడు. ఆ యుగపు పంటలు చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు. పెసలు, తమిళపు ‘పయఱు’ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఇలాంటి పంటల మాటలను పేర్చి ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్, డోరియన్ ఫుల్లర్ మూల ద్రావిడాన్ని దక్షిణాది నవీన శిలాయుగానికి దగ్గర చేశారు. 2018లో 20 ద్రావిడ భాషల మాటలను గణితంతో సరిచూసిన బృందం కుటుంబం వయసును సుమారు 4,500 ఏళ్లుగా కట్టింది. రెండు వేర్వేరు దారులు ఒకే కాలానికి చేరడం గమనించదగిందే. సింధు లిపిని ద్రావిడంగా చదివే పార్పోలా, ఐరావతం మహదేవన్ల వాదం దీనికి అడ్డం కాదు, కానీ లిపి చదవడం పూర్తయ్యేదాకా దాన్ని పునాదిగా పెట్టుకోలేం.

బ్రిటన్‌లో 2021లో వెలువడిన జన్యు అధ్యయనం ఒకటి క్రీస్తుపూర్వం 1000 నుంచి 875 లోపు ఐరోపా ఖండం నుంచి పెద్ద వలస జరిగిందని తేల్చింది. కెల్టిక్ దాంతోనే వచ్చి ఉండవచ్చని దాని రచయితలంటే, అట్లాంటిక్ తీరంలో అది అంతకు ముందే పుట్టిందన్న కన్‌లిఫ్, కోక్‌ల వాదం ఎదురుగా ఉంది. ఎముక మనిషి రాకను చెబుతుంది, అతని నోటి మాటను చెప్పదు. మన వేడి నేలల్లో పాత ఎముకల నుంచి జన్యువు దొరకడం మరీ కష్టం కనుక, ఇక్కడ పేర్ల మీద భారం ఇంకా ఎక్కువ.

తేలింది, తేలాల్సింది

తెలుగు ద్రావిడ భాష, గోండీ కోయలకు దగ్గరిది. రాతకు ఎక్కేలోగా అది ఎన్నో తరాలు ఈ నేల మీద మాట్లాడిన భాష. త్రిలింగ తరవాతి అలంకారం. ఇవి తేలినవి. కాకతి మూలం, ఆంధ్ర అన్న జనం తొలి భాష, తెలుగు కంటే ముందటి పొర ఇంకా తేలాల్సినవి. వీటిని తేల్చేది మరో వంశనామపు చమత్కార వ్యుత్పత్తి కాదు.

ఊళ్ల పేర్ల మీద యార్లగడ్డ బాలగంగాధరరావు, కడప జిల్లా మీద కేతు విశ్వనాథరెడ్డి చేసిన కృషి వంటిది ఓరుగల్లు ప్రాంతానికి పల్లె పల్లెనా జరగాలి. శాసనాల సంపుటాలు ఉన్నాయి. 1935 నాటి తెలంగాణా శాసనములు మొదలు వరంగల్ జిల్లా శాసనాల దాకా పాత రూపాలు అచ్చులోనే దొరుకుతాయి. సేత్వార్లలో, ఖాస్రా పహాణీల్లో పొలాల పేర్లు, కుంటల పేర్లు ఉన్నాయి. ఏటూరునాగారం నుంచి తాడ్వాయి దాకా వాగుల పేర్లకు కోయ పెద్దలు చెప్పే అర్థాలను ఎవరూ పూర్తిగా రాసుకోలేదు. సుబేదారిలో కాకతీయ విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఉంది. కోయ మాట తెలిసిన విద్యార్థులను, పహాణీ చదవగల వాళ్లను కూర్చి మున్నేరు పరీవాహకంలోని వాగుల పేర్లతో ఆ పని మొదలుపెడితే, వంశనామాల మీద నూరేళ్లు సాగిన వాదం కంటే గట్టి జవాబులు దొరుకుతాయి.